నా కొడుకు నన్ను ‘అక్కా’ అంటున్నాడు

ఈ వారం ఉత్తరం రాసినావిడ పేరు, ఊరి పేరు వద్దన్నారు. పుట్టిల్లు జడ్చర్లకు దగ్గర్లో ఒక పల్లె. హైదరాబాదులో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నర్సుగా పనిచేస్తున్నారు. భర్తది ఫైనాన్స్ కంపెనీలో కలెక్షన్ ఉద్యోగం, పొద్దున పోతే మళ్ళీ రాత్రే. ఆరాంఘర్ దగ్గర ఒక గది, వంటిల్లు అద్దెకు తీసుకుని ఉంటున్నారు. 26 వారాల ప్రసూతి సెలవు అయిపోగానే కొడుకును తల్లిగారింట్లో వదిలి డ్యూటీలో చేరారు. అప్పుడు వాడికి ఆర్నెల్లు. ఇప్పుడు 17 నెలలు.

“శనివారం డ్యూటీ దిగి ఇంటికి చేరేసరికి రాత్రి ఎనిమిదవుతుంది. వాడు మా అమ్మ చంకలో ఉంటాడు. నన్ను చూసి ముఖం తిప్పుకొని అమ్మ భుజంలో దాచుకుంటాడు. కొంచెం సేపయ్యాక ఒక కన్నుతో తొంగి చూస్తాడు. చేతులు చాపితే రాడు. ఆదివారం మధ్యాహ్నానికి నా ఒళ్ళోకి వస్తాడు, నా చేత్తో బువ్వ తింటాడు. సాయంత్రం వాడు పడుకున్నాక చప్పుడు చెయ్యకుండా వచ్చేస్తాను. ఏడుస్తాడని అమ్మ అట్లనే పొమ్మంటది. మా అమ్మను ‘అమ్మా’ అంటాడు. నన్ను మా తమ్ముడు పిలిచినట్టు ‘అక్కా’ అంటాడు. మొదట అందరం నవ్వినం. ఇప్పుడు నాకు నవ్వు వస్తలేదు” అని రాశారు.

చుట్టూ తలో మాట. అత్తగారు, “ఆర్నెల్ల పిల్లగాన్ని పంపినవు, ఇగ వాడు నీకు అంటుకుంటడా?” అన్నారట. పక్కింటావిడ, “మూడేండ్లదాకా పోరగాండ్లకు ఏం తెలుస్తది, యాడున్నా ఒకటే” అన్నదట. రెండేళ్ళకే మెదడు 80 శాతం పెరిగిపోతుందని ఫోన్‌లో ఏదో వీడియో చూసి రెండు రాత్రులు నిద్రపోలేదట. భర్త మాత్రం, “వచ్చే ఆదివారం తెచ్చేసి డే కేర్‌లో వేద్దాం, నాలుగు రోజులు ఏడ్చి వాడే మరుస్తడు” అంటున్నాడు. తల్లి “తీస్కపో బిడ్డా” అని, బర్రెకు నీళ్ళు పెట్టే వంకతో కొట్టంలోకి పోయి ఎంతసేపటికీ బయటికి రాలేదట. మేనమామ కూతురికి ఇదే వయసుకు మాటలు ఎక్కువ వచ్చాయని, అమ్మ బువ్వ పెట్టేటప్పుడు ఫోన్ చేతికిస్తున్నదని ఇంకో దిగులు. ఆలస్యమైపోయిందా, వాణ్ణి ఎప్పుడు, ఎట్లా తెచ్చుకోవాలి అన్నది ప్రశ్న.

ముందు ఆ ఒక కన్ను సంగతి మాట్లాడుకుందాం. కొత్తవాళ్ళు వస్తే పిల్లవాడు చంక ఎక్కి కరుచుకుపోతాడు, లేదంటే బిత్తరపోయి చూస్తాడు. మీవాడు చేస్తున్నది అది కాదు. దాక్కుంటాడు, తొంగి చూస్తాడు, మళ్ళీ దాక్కుంటాడు, మధ్యాహ్నానికి ఒళ్ళోకి వస్తాడు. మీరెవరో వాడికి బాగా తెలుసు. తెలియనిదల్లా మీరు ఎంతసేపు ఉంటారన్నదే.

మీరు నిద్రలో వదిలి వస్తున్నారు కాబట్టి ఇది వాడి వైపు నుంచి ఎట్లా ఉంటుందో చూడండి. చిన్న పిల్లలకు మొదటి నెలల్లో కంటికి కనబడని వస్తువు లేనట్టే. ఎనిమిది, తొమ్మిది నెలలకు అటూ ఇటూగా, కనబడకపోయినా ఎక్కడో ఉందని తెలుస్తుంది. దోబూచి ఆడితే ఆ వయసులో అంత నవ్వెందుకు? కొంగు చాటున అమ్మ ఉందని తెలుసు, తీస్తే వస్తుందనీ తెలుసు. కానీ అది తెలిసిన రోజు నుంచే అమ్మ కనబడకపోతే బాధ కూడా మొదలవుతుంది. ఎక్కడో ఉండి నా దగ్గర లేదని అర్థమవుతుంది. విడిచి వెళ్తే ఏడ్చే ఈ భయం సుమారు పదో నెల నుంచి పద్దెనిమిదో నెల దాకా బాగా ఎక్కువగా ఉంటుంది. ఏ బిడ్డకైనా అంతే, మీ లోపం కాదు. ఆ నెలల్లోనే మీవాడికి ప్రతి ఆదివారం ఒకే అనుభవం: ఒళ్ళో పడుకుంటాడు, లేచేసరికి మీరుండరు. దోబూచిలో కొంగు తీస్తే అమ్మ ఉండాలి కదా. ఇక్కడ ఉండదు. మళ్ళీ శనివారం మీరొచ్చినప్పుడు ఒక కన్నుతో చూడక ఏం చేస్తాడు, పాపం.

ఇక ‘అక్క’. ఇది గుండెకు తగిలే మాటే గానీ, అర్థం మీరనుకున్నది కాదు. 17 నెలల పిల్లవాడికి వరసలు తెలియవు. ఇంట్లో పెద్దవాళ్ళు ఎవర్ని ఏమని పిలుస్తారో విని అదే ఆ మనిషి పేరనుకుంటాడు. మీ తమ్ముడు మీ అమ్మను ‘అమ్మా’ అంటాడు, మీరూ అంటారు. మిమ్మల్ని తమ్ముడు ‘అక్కా’ అంటాడు. వాడు సరిగ్గానే నేర్చుకున్నాడు. మన ఇళ్ళల్లో సొంత తండ్రిని ‘అన్నా’ అని, తల్లిని ‘వదినా’ అని పిలిచి పెరిగిన పెద్దమనుషులు ఎంతమంది లేరు? వాణ్ణి సరిదిద్దకండి, “అక్క కాదు, అమ్మ అను” అని గడ్డం పట్టుకోకండి. మార్చుకోవాల్సింది పెద్దవాళ్ళు. మీ తమ్ముడు వాడి ముందు “అమ్మ వచ్చింది చూడు” అనాలి. మీ అమ్మను అందరూ వాడి ముందు ‘అవ్వ’ అనాలి. కొన్నాళ్ళు ఇద్దరినీ అమ్మా అన్నా అననివ్వండి. ఒకరి దగ్గర లాక్కొని ఇంకొకరికి ఇచ్చే మాట కాదు కదా అది.

మీ ఉత్తరమంతా చదివితే, వాడి ప్రేమ ఒక ముంతలో కొలిచి పోసినట్టు, అవ్వకు పోయినంత మీకు తగ్గిందన్నట్టు ఉంది. స్కాట్లండులోని గ్లాస్గోలో షాఫర్, ఎమర్సన్ అనే ఇద్దరు పరిశోధకులు 60 మంది పసిపిల్లల ఇళ్ళకు నెలనెలా వెళ్ళి చూసి 1964లో రాసిన సంగతి ఉంది. ఏడాదిన్నర వచ్చేసరికి ఎక్కువమంది పిల్లలు ఒక్కరితో కాదు, ఇద్దరితోనో అంతకంటే ఎక్కువమందితోనో గట్టిగా అల్లుకుపోయి ఉన్నారు. అదీ ఎక్కువ గంటలు పక్కన ఉన్నవాళ్ళతోనే కాదు. ఏడిస్తే పలికినవాళ్ళతో, వాడు ‘ఊ’ అంటే తిరిగి ‘ఊ’ అన్నవాళ్ళతో. మీకు వారానికి ఒక్క రోజే ఉండొచ్చు, ఆ ఒక్క రోజుకూ లెక్క ఉంది. మీ అమ్మ ఇచ్చిన పదకొండు నెలలకు ఇంకా పెద్ద లెక్క ఉంది. ఏడిస్తే ఎత్తుకునే మనిషి ఒకరుంటారని వాడు నేర్చుకున్నాడు. ఆ నమ్మకమే రేపు మీ దగ్గరికి తెచ్చుకుంటాడు. అది లేని పిల్లవాడిని మచ్చిక చేసుకోవడమే అసలు కష్టం.

మన పాలమూరుకు ఇది కొత్త కాదు, మీకు తెలుసు. దేశంలో ఎక్కడెక్కడి డ్యాములకో మట్టి మోసింది మనవాళ్ళే. బొంబాయికి, పుణెకు పోయినప్పుడు పసివాళ్ళను ముసలోళ్ళ దగ్గర వదిలిపోయినవాళ్ళే. అట్లా పెరిగినవాళ్ళందరూ బాగున్నారని నేను అనను. కానీ వాళ్ళతో మాట్లాడినప్పుడు ఒక తేడా విన్నాను. ‘మా అవ్వ పెంచింది’ అని చెప్పేవాళ్ళ గొంతు వేరు, ‘ఇయ్యాల ఈ ఇంట్ల, రేపు ఆ ఇంట్ల’ అని చెప్పేవాళ్ళ గొంతు వేరు.

అందుకే పక్కింటావిడ మాటతోనూ, ఆ వీడియోతోనూ నాకు పేచీ ఉంది. మూడేళ్ళదాకా ఏం తెలియదన్నది తప్పు. పెద్దయ్యాక ఈ రోజులు గుర్తుండవు, నిజమే. కానీ భయమేస్తే ఎవరి దగ్గరికి పోవాలి, పోతే ఎత్తుకుంటారా లేదా అన్నది ఇప్పుడే ఒంటికి పడుతుంది. ఇక ఆ 80 శాతం మెదడు సైజు లెక్క. పుట్టినప్పుడు పెద్దవాళ్ళ మెదడులో సుమారు పావు వంతు ఉండేది రెండేళ్ళకు ముప్పావు వంతు దాటుతుంది. సైజు పెరిగిందంటే తలుపు మూసుకుపోయిందని కాదు. రొమేనియాలో అనాథాశ్రమాల్లో, పలకరించే ఒక సొంత మనిషి లేకుండా పెరిగిన పిల్లలను 2000 తర్వాత కొందరు పరిశోధకులు ఇళ్ళకు చేర్చి ఏళ్ళ తరబడి గమనించారు. రెండేళ్ళ లోపు ఇల్లు దొరికినవాళ్ళు బాగా కోలుకున్నారు. అది ఎవరూ లేని పిల్లల సంగతి. మీవాడికి చంక ఖాళీగా ఉన్న రోజే లేదు. ఆలస్యమైపోలేదు.

కానీ మీ భర్త చెప్పిన ‘వచ్చే ఆదివారం’ దగ్గర మాత్రం ఆగండి. ఇంగ్లండులో జేమ్స్, జాయిస్ రాబర్ట్‌సన్ అని భార్యాభర్తలు 1960ల్లో తల్లి ఆస్పత్రికి వెళ్ళినప్పుడు పిల్లలకు ఏమవుతుందో దగ్గరుండి ఫిల్మ్ తీశారు. అందులో జాన్ అనే పిల్లవాడికి సరిగ్గా మీవాడి వయసే, 17 నెలలు. తల్లి రెండో కాన్పుకు వెళ్తే తొమ్మిది రోజులు పిల్లల సంరక్షణ కేంద్రంలో ఉంచారు. అక్కడి ఆయాలు చెడ్డవాళ్ళు కాదు. కాకపోతే ఒకరు స్నానం చేయిస్తే ఇంకొకరు తినిపిస్తారు, వాడు నా మనిషి అనుకునేలా ఎవరూ నిలవరు. మొదట ఒక్కో ఆయా దగ్గరికీ తానే పోయి చూశాడు. తర్వాత ఏడ్చాడు, తిండి మానేశాడు, పెద్ద బొమ్మ ఎలుగుబంటిని పట్టుకొని కూర్చున్నాడు. తొమ్మిదో రోజు తల్లి వస్తే ఆమె చేతుల్లోంచి విదిలించుకున్నాడు. నాలుగు రోజులు ఏడ్చి ఊరుకోవడమంటే ఇది. ఊరుకున్నాడు గానీ మరవలేదు.

అదే దంపతులు నలుగురు పిల్లలను తమ ఇంట్లోనే ఉంచుకున్నారు. వాళ్ళలో జేన్ అనే పాపకూ 17 నెలలే. ఆ పిల్లలు ముందే ఆ ఇంటికి వచ్చి పోయారు, తమ దుప్పటీ బొమ్మలూ తెచ్చుకున్నారు, చూసుకునే మనిషి ఒక్కరే. అమ్మను తలుచుకొని బెంగపడ్డారు గానీ కూలిపోలేదు. రెండింటికీ తేడా అంతా చెయ్యి మారిన తీరులో ఉంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు. నిర్ణయం మీదే, ఇంటి లెక్కలు మీకే తెలుసు.

నాకు మేలనిపించేది అవ్వనే కొన్ని వారాలు హైదరాబాదుకు తెచ్చుకోవడం. వాడికి ఇల్లు మారుతుంది, మనిషి మారదు. మొదటి వారం స్నానం, బువ్వ అవ్వే చూసుకుంటుంది, మీరు పక్కన కూర్చోండి. తర్వాత ఒక్కో పని మీ చేతికి తీసుకోండి. ముందు స్నానం తీసుకోండి, నవ్వులాట కదా. నిద్రపుచ్చడం ఆఖరుకు. అన్నిటికంటే అది కష్టం. వాడి బొంత తెచ్చుకోండి. అవ్వ పాత చీరలతో కుట్టిందే అయితే మరీ మంచిది. తెచ్చేముందు ఉతకకండి, ఆ వాసనే కావాలి. డే కేర్‌కు మొదటి మూడు రోజులు అవ్వతో గంట, తర్వాత మీతో గంట, తర్వాత ఒంటరిగా గంట. దీనికి కష్టాలున్నాయి. ఊళ్ళో బర్రెలకు, మీ నాయినకు ఎవరు? ఒక్క గదిలో నలుగురు ఎట్లా? మీ అత్తగారు ఏమనుకుంటారు? కొన్నాళ్ళు ఆమెను కూడా రమ్మంటే ఆ మాట కొంత తగ్గొచ్చు. తగ్గకపోనూ వచ్చు, అది మీకే తెలుసు.

అది కుదరకపోతే, ఉన్నచోటే ఇంకో ఏడాదిన్నర ఉండనివ్వడం. దీన్ని ఓటమి అనుకోకండి. మూడేళ్ళకు మాట అర్థమవుతుంది, “ఇంకా రెండు పొద్దులకు వస్త” అంటే పట్టుకుంటాడు. వాడికి పెద్ద నష్టం లేదు. నష్టం మీకే. ఆ మొదటి పరుగు, మొదటి అబద్ధం, మొదటి అలక మీరు ఫోన్‌లో వింటారు. దాన్ని మోయగలరా అన్నది ఎవరూ మీ తరఫున చెప్పలేరు. ఒకటి చూసుకోండి: అప్పుడు ఇల్లు మారడం, బడి మొదలవడం ఒకే నెలలో పడకూడదు.

మూడోది మీరు ఉత్తరంలో రాయలేదు. మీరే ఇటు రావడం. మహబూబ్‌నగర్‌లో 2016లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. నాగర్‌కర్నూల్, వనపర్తిలో తర్వాత వచ్చాయి. వాటి చుట్టూ ఆస్పత్రులు పెరిగాయి. జడ్చర్ల పక్కన పుట్టినిల్లున్న నర్సుకు ఇది పెద్ద సౌకర్యం. జీతం తగ్గుతుంది, మీ భర్త వారానికోసారి వచ్చే మనిషవుతాడు. శనివారం రాత్రి ముఖం దాచుకోవడం అప్పుడు ఆయన వంతు. అదీ ఆలోచించుకోండి.

డే కేర్ ఎట్లాగూ తప్పదనుకుంటే, రంగు రంగుల గోడలు చూసి మోసపోకండి. రెండేళ్ళలోపు వాళ్ళకు ఒక ఆయాకు ముగ్గురు నలుగురికంటే ఎక్కువ పిల్లలుంటే వద్దు. ఆయాలు ఎన్నాళ్ళుగా పనిచేస్తున్నారో అడగండి, నెలకొకరు మారే చోటు మనకు పనికిరాదు. మధ్యలో చెప్పకుండా వెళ్తే లోపలికి రానిస్తారా చూడండి. ఆయాకు తెలుగు రాకపోయినా భయం లేదు, కానీ వాడి మాటలు ఒక కాగితం మీద రాసివ్వండి. మీవాడు నీళ్ళను ‘బూ’ అంటాడని రాశారు. అది తెలియక దాహంతో ఏడ్చే బిడ్డకు పాలసీసా ఇస్తారు. ఇంకో సంగతి. 2017లో ప్రసూతి చట్టం మారినప్పుడు 26 వారాల సెలవుతో పాటు ఇంకొకటి వచ్చింది. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట పిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి చూసుకోనివ్వాలి. మీ ఆస్పత్రిలో అంతమంది ఉంటారనే అనుకుంటున్నాను. సెలవు వాడుకున్నారు, ఇది అడిగారా? వాడు వచ్చిన మొదటి రెండు నెలలు నైట్ డ్యూటీ వద్దని కూడా ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి.

తెచ్చిన కొత్తలో తిండి తగ్గుతుంది, రాత్రిళ్ళు లేస్తాడు, బాత్రూంకు పోయినా కొంగు పట్టుకొని వస్తాడు. కొన్నిసార్లు మిమ్మల్ని కొడతాడు కూడా. ఇవి కొన్ని వారాలుంటాయి. అస్సలు ఏడవకుండా, ఎవరి చేతికిస్తే వాళ్ళ చేతిలో బొమ్మలా కూర్చుంటే దాన్ని మంచితనం అనుకోకండి. అప్పుడు తొందరపడటం మానేసి అవ్వను పిలిపించండి.

మాటల సంగతి. ఈ వయసుకు ఐదారు మాటలుంటే టెన్షన్ అక్కర్లేదు. “బర్రె ఏది?” అంటే కొట్టం వైపు వేలు చూపిస్తాడని మీరే రాశారు. నేను మాటలకంటే ఆ వేలినే ఎక్కువ చూస్తాను. తాను చూసినదాన్ని మీకు చూపించాలనుకుంటున్నాడు కదా. ఏడాదిన్నర దాటినా దేన్నీ వేలితో చూపకపోతే, పేరు పెట్టి పిలిస్తే తిరగకపోతే, వచ్చిన మాటలు పోతే, రెండేళ్ళకు ‘అవ్వ రా’, ‘నీళ్ళు తే’ లాంటి జంట మాటలు లేకపోతే అప్పుడు పిల్లల డాక్టరుకు చూపించండి. మేనమామ కూతురితో పోలిక మానేయండి.

ఫోన్ మాత్రం తగ్గాలి. రెండేళ్ళలోపు పిల్లలకు స్క్రీన్ వద్దని భారతీయ పిల్లల వైద్యుల సంఘం చెప్పింది, ఇంటివాళ్ళతో అప్పుడప్పుడు వీడియో కాల్ ఒక్కటి మినహాయింపు. కానీ మీ అమ్మతో ఇది ఎట్లా చెప్తారో జాగ్రత్త. కూలీలను చూసుకొని, పాలు పితికి, అరవైకి దగ్గర పడిన ఒంటితో పదకొండు నెలలు మీ కొడుకును మోసిన మనిషి ఆమె. “ఫోన్ ఇవ్వొద్దు” అనే ముందు సాయంత్రం బువ్వవేళ అరగంట మీ తమ్ముణ్ణి ఇంట్లో ఉండమనండి. మీ వీడియో కాల్ కూడా అప్పుడే చేయండి. “ఏం చేస్తున్నవ్ రా” అని వంద ప్రశ్నలు వేయకుండా, రోజూ అదే ‘చందమామ రావే’ పాడండి. పాట సగంలో వాడు ఫోన్ వెనక్కి తిప్పి మీకోసం వెతికితే నవ్వండి, మళ్ళీ పాడండి.

కొట్టంలోకి పోయిన మీ అమ్మ దగ్గరికి కూడా ఒకసారి వెళ్ళి కూర్చోండి. వాడు వచ్చేస్తే ఆమె చంక ఖాళీ అవుతుంది. ఆ ఇంట్లో ఆ మాట ఇంతవరకు ఎవరూ పైకి అన్నట్టు లేదు. తెచ్చుకున్నాక శనివారం బస్సు ఆపేయకండి. దిశ మార్చండి, వాణ్ణి తీసుకొని అవ్వ దగ్గరికి పోండి.

ఏ దారి పట్టుకుంటారో తేలడానికి నెల పట్టొచ్చు. ఈ ఆదివారానికి ఒక పని చెప్తాను. ఆరున్నర బస్సు అయితే ఆరింటికి వాణ్ణి లేపండి. ముఖం కడిగి, ఎత్తుకొని, “అమ్మ డ్యూటీకి పోతున్నది, మళ్ళ వస్తది” అని చెప్పండి. ప్రతివారం ఇదే మాట, మార్చకండి. అవ్వ చంకలోకి ఇచ్చి, బస్సు దాకా ఇద్దరినీ రమ్మనండి. ఏడుస్తాడు. గట్టిగానే ఏడుస్తాడు, బస్సులో కూర్చొని మీరూ ఏడుస్తారు. దిగి వెనక్కి పోకండి, కిటికీలోంచి చెయ్యి ఊపండి. వచ్చే శనివారం రాత్రి ఎనిమిదికి గడప ఎక్కినప్పుడు వాడు ఎంతసేపు దాక్కున్నాడో గమనించి, ఓపిక ఉంటే నాకు రాయండి.